పన్నెండు వారాలు, ఒక నోటుబుక్కు, నాలుగు ప్రయాణాలు

‘నేనెవరిని?’ అని కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలామందికి జవాబు రాదు, నిద్ర వస్తుంది. నిద్ర రాకపోతే పాత పగలు గుర్తొస్తాయి. మనమెలాంటి వాళ్ళమో తెలియాలంటే ముందు మనమేం చేస్తున్నామో తేదీ వేసి రాసుకోవాలి. రాసినదాన్ని కొన్నాళ్ళు ఆగి, పరాయివాళ్ళ చేతిరాతను చదివినట్టు చదవాలి. పుస్తకాలూ ప్రయాణాలూ ఆ రాత నిజమో కాదో పరీక్షించడానికి పనికొస్తాయి. ఈ పద్ధతి చెన్నైలో ఉండే తెలుగువాళ్ళ కోసం. నిన్నగాక మొన్న ఉద్యోగానికొచ్చి షోలింగనల్లూరులో గది తీసుకున్నవాళ్ళకూ పనికొస్తుంది, తాతల కాలం నుంచి షావుకారుపేటలో ఉన్నవాళ్ళకూ పనికొస్తుంది.

ఈ పనికి ఈ ఊళ్ళోనే మంచి మార్గదర్శి ఉన్నాడు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారి పొడుగునా రాసుకున్నది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చాడు. అది 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. అందులో తన మనసు గురించి చెప్పుకున్నది తక్కువ. మజిలీకి మజిలీకి ఎంత దూరం, నీళ్ళు దొరుకుతాయా, దిగడానికి చోటుందా, మనుషులెలా ఉన్నారు, ఇవే ఎక్కువ. అయినా చదివినవాళ్ళకు ఆ మనిషి ఎలాంటివాడో స్పష్టంగా తెలిసిపోతుంది. మనం చేయబోయేదీ అదే.

సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో ఏ వారం వాన పడుతుందో చెప్పలేం, అనుకున్న ప్రయాణాలు ఆగిపోతాయి. మేలో కత్తిరి ఎండకు బయట నడవలేరు. జనవరి మధ్యలో మొదలుపెడితే ఏప్రిల్ మొదట్లో, ఉగాదికి అటూ ఇటూగా పూర్తవుతుంది.

నోటుబుక్కు

200 పేజీల లాంగ్ సైజు నోటుబుక్కు చాలు. గీతలుండాలి, కుట్టు బైండింగుండాలి. స్పైరల్‌ది కొనకండి. దాంట్లో పేజీ చించడం సులువు, సిగ్గుపడాల్సిన రోజు చప్పుడు లేకుండా మాయమైపోతుంది. తోలు అట్ట డైరీ కొంటే అందులో అందంగా రాయాలనిపిస్తుంది, అందం కోసం చూసుకున్నామంటే నిజం పక్కకు తప్పుకుంటుంది. తేదీలు అచ్చేసిన డైరీకి ఇంకో చిక్కుంది. ఒకరోజు తప్పితే ఖాళీ పేజీ వెక్కిరిస్తుంది, నాలుగు రోజులు తప్పితే డైరీ అటకెక్కుతుంది.

వారానికి 6 రోజుల చొప్పున 12 వారాలకు 72 రోజులు. రోజుకు ఎడమ పేజీ, కుడి పేజీ కలిపి 144 పేజీలు. మిగతా 56 పేజీలు వెనకనుంచి తిప్పి ప్రయాణాలకూ పుస్తకాలకూ వాడండి.

రోజూ నింపేది ఎడమ పేజీ ఒక్కటే. 12 నిమిషాలకు అలారం పెట్టుకుని అయిదు సంగతులు రాయండి: ఎప్పుడు ఎక్కడ ఏం జరిగింది, అప్పుడు ఒంట్లో ఎలా ఉంది, చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఏ భాషలో జరిగింది, ఆ రోజు చేద్దామనుకుని చేయనిది ఏమిటి. రోజంతా రాయక్కర్లేదు, ఒక సంఘటన చాలు. ఇలా:

‘సాయంత్రం 6.40, ఆఫీసు లిఫ్టు దగ్గర. టీమ్ లీడు రేపటికల్లా కావాలన్నాడు. సరేనన్నాను. మెడ పట్టేసింది. తిని ఐదు గంటలైంది. సరేనన్నది ఇంగ్లీషులో, మెట్లు దిగుతూ తిట్టుకున్నది తెలుగులో. అమ్మకు ఫోన్ చేయలేదు.’

‘అతనికి నేనంటే పడదు’ అన్న వాక్యానికి ఎడమ పేజీలో చోటు లేదు. పక్కన నిలబడ్డ మూడో మనిషికి కనిపించేదీ వినిపించేదీ మాత్రమే అక్కడ రాయాలి. ఒంటి సంగతులకు ఒక్కటే మినహాయింపు.

భాష వరస ఎందుకని చాలామంది వదిలేస్తారు. వదలకండి. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళకు అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఆ వరసే. ఆఫీసులో ఇంగ్లీషు, ఆటో దగ్గరా కూరగాయల బండి దగ్గరా తమిళం, ఇంట్లో తెలుగు. ఒకే మనిషి ఒక భాషలో గట్టిగా బేరమాడతాడు, ఇంకో భాషలో జీతం పెంచమని అడగలేడు. మూడు వారాలు రాశాక మీరు ఏ భాషలో ‘కాదు’ అనగలుగుతున్నారో, ఏ భాషలో అనలేకపోతున్నారో లెక్క తేలుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళలో ‘నాకు ధైర్యం తక్కువ’ అనుకునేవాళ్ళకు తక్కువైంది ధైర్యం కాదు, తమిళం అని ఇక్కడే బయటపడుతుంది. అలాంటివాళ్ళు మనసును మరమ్మతు చేసుకోవడం ఆపి, రెండు నెలలు తమిళం నేర్చుకోవడం మంచిది.

ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళలో తెలుగు మాట్లాడగలిగి రాయలేనివాళ్ళు చాలామంది. వాళ్ళు వచ్చిన లిపిలోనే రాయాలి. తమిళ లిపిలో తెలుగు మాటలు రాసినా తప్పులేదు. అదీ కష్టమైతే ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకుని, ఆదివారం విని, ముఖ్యమైన మాటలే కాగితం మీద పెట్టండి. రికార్డింగు మాత్రమే ఉంచుకుంటే మళ్ళీ ఎవరూ వినరు.

పడుకునేముందు రాయడం అందరూ చెప్పే సలహా, అంత మంచిది కాదు. అలసటలో రాసిందంతా ఫిర్యాదుల చిట్టా అవుతుంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక, టీవీ పెట్టకముందు రాయండి. నైట్ షిఫ్టువాళ్ళు లేచాక రాయాలి.

మొదటి మూడు వారాలు ‘ఎందుకు’ అన్న మాట నిషేధం. ‘ఎందుకిలా చేశాను?’ అని అడిగితే మనసు క్షణంలో ఒక కథ అల్లి ఇస్తుంది, దాంట్లో తప్పు మనది కాదు, లేదంటే తప్పంతా మనదే. రెండూ పనికిరావు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు, ఎన్నోసారి అని అడిగితే కథ అల్లడానికి సందుండదు.

బరువైన సంగతులు వస్తే

చావు, విడాకులు, అవమానం, అప్పు లాంటివి రోజువారీ పేజీలోకి వచ్చి కూర్చుంటే వాటికి వేరే పద్ధతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ జీవితంలోని కష్టమైన సంఘటన గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ళకు బాగోలేదు, దిగులేసింది. తర్వాతి నెలల్లో మాత్రం, జరిగిన దానితో పాటు తమ బాధనూ రాసినవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. కాబట్టి నాలుగు రోజులు, 15 నిమిషాలు, రాశాక కనీసం ఒక గంట ఖాళీ. ఆఫీసుకు బయల్దేరే ముందు రాయొద్దు, పడుకునేముందు రాయొద్దు. అయిదో రోజు కూడా అదే రాయాలనిపిస్తే అది నెమరువేయడమే, ఆపేయండి. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా నోటుబుక్కు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఆదివారం లెక్క

ఆదివారం కొత్తగా ఏమీ రాయొద్దు. 40 నిమిషాలు తీసుకుని ఆరు ఎడమ పేజీలూ చదవండి. మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటల కింద ఎర్ర పెన్సిలు, మనుషుల పేర్ల కింద నీలం పెన్సిలు. ఆ తర్వాతే, చదివినదాని గురించి ఆ ఆరు రోజుల కుడి పేజీల్లో ఒక్కో వాక్యం.

నాలుగు, ఎనిమిది, పన్నెండో వారాల్లో మాటల్ని లెక్కపెట్టాలి. ఉదాహరణకు నాలుగు వారాల్లో కోపం 11 సార్లు వచ్చింది, అందులో 8 సార్లు తిని ఐదు గంటలు దాటింది అనుకోండి. అప్పుడు కనుక్కోవాల్సింది స్వభావం కాదు, నాలుగింటికి రెండు ఇడ్లీలు. నవ్వులాటకు కాదు. లెక్క వేయకుండా స్వభావం జోలికి వెళితే ఆకలినీ నిద్రలేమినీ కూడా వ్యక్తిత్వం అనుకునే ప్రమాదముంది. ఇవి తీసేశాక మిగిలేదే మీది. లెక్కలో లేనిదాన్ని కూడా చూడండి. నెలంతా రాసిన పేజీల్లో, ప్రాణమని మీరు అందరికీ చెప్పుకునే సంగీతం గానీ స్నేహితుడు గానీ ఒక్కసారీ కనిపించకపోతే అది ముఖ్యమైన వార్త.

ఆరో వారంలో ఇద్దర్ని అడగాలి, ఒకరు ఇంట్లోవాళ్ళు, ఒకరు బయటివాళ్ళు. ‘నా లోపాలేంటి?’ అంటే మొహమాటానికి ఏమీ లేవంటారు, లేదా పదేళ్ళ లెక్కలు తీస్తారు. ‘అక్కా, ఈ నెల్లో నేను నిన్నెప్పుడు విసిగించాను? నేనేం చేస్తున్నప్పుడు నన్ను పలకరించకూడదనిపిస్తుంది?’ అనడగండి. చెప్పినప్పుడు ఎదురు చెప్పొద్దు, ‘అది కాదక్కా’ అనొద్దు. వాళ్ళ మాటల్ని వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.

పుస్తకాలు మూడే

పన్నెండు వారాలకు మూడు పుస్తకాలు చాలు: పదేళ్ళ కింద మీకు బాగా నచ్చినది ఒకటి, మీరు వెళ్ళబోయే చోటు గురించి ఒకటి, మీకు అస్సలు గిట్టని అభిప్రాయమున్నవాళ్ళు రాసింది ఒకటి. రోజుకు 25 నిమిషాలు, పది పదిహేను పేజీలు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఈ మూడు నెలలూ వద్దు. అవి మూడు రోజుల ఉత్సాహమిస్తాయి, ఆ వేడిలో మనం మారిపోయామనిపిస్తుంది. నాలుగో రోజు ఎడమ పేజీ చూస్తే అదే లిఫ్టు, అదే ‘సరే’.

చదువుతున్నప్పుడు మార్జిన్లో మూడే గుర్తులు. ఒప్పుకున్నచోట చుక్క, చిరాకేసినచోట ఇంటూ, అర్థం కానిచోట ప్రశ్నార్థకం. పుస్తకం పూర్తయ్యాక చుక్కల్ని వదిలేసి ఇంటూల దగ్గరికే వెళ్ళండి. ఒప్పుకున్నవి మనకు ముందే తెలిసినవి. ఏ వాక్యం ఒళ్ళు మండించిందో దాన్ని వెనక పేజీల్లోకి ఎత్తి రాసి, పక్కన ‘ఈ మాట ఇంతకుముందు ఎవరి నోట విన్నాను?’ అని రాయండి. చాలాసార్లు అక్కడ ఒక తండ్రో మాస్టారో అత్తగారో తేలతారు. పదేళ్ళనాటి పుస్తకంలో అప్పుడు గీతగీసినచోటు ఇప్పుడు చప్పగా ఉంటే, రెండు తేదీలూ వేసి ఉంచండి. లైబ్రరీ పుస్తకాల్లో గీతలొద్దు, చీటీ మీద పేజీ నంబరు, పక్కన గుర్తు.

తెలుగు పుస్తకాలు చెన్నైలో దొరకవని గొణగడం పాత అలవాటు. ఎగ్మూరు మ్యూజియం ఆవరణలోని కన్నెమరా లైబ్రరీ 1896లో తెరిచారు. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం చట్ట ప్రకారం ఒక ప్రతి చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అది ఒకటి, తెలుగు పుస్తకాలూ అందులోకే వస్తాయి. కావలసిన పేరు, రచయిత, వీలైతే అచ్చయిన ఏడు రాసుకుని వెళ్ళి కౌంటరులో అడగండి, అల్మరాల మధ్య వెతుక్కుంటూ పూట పోగొట్టుకోవద్దు. మీ పుస్తకం మీరే తెచ్చుకుని చదువుకోవాలంటే కొట్టూరుపురంలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలవాళ్ళకు వేరే గది ఉంది. గ్రీన్‌వేస్ రోడ్డులో కృష్ణమూర్తి ఫౌండేషన్ వారి వసంత విహార్ ఇంకా నిశ్శబ్దం. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పుస్తకాలున్న అధ్యయన కేంద్రం అందులో ఉంది. దేనికైనా వేళలు ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి.

ప్రయాణాలు

నాలుగూ ఒంటరిగానే. తోడుంటే మనం ఇంట్లో ఆడే పాత్రే బస్సులోనూ ఆడతాం. ఫోను సంచిలో, ఇయర్‌ఫోన్లు ఇంట్లో. ఫొటోలు రోజుకు మూడు మాత్రమే, అవీ తిరుగు ప్రయాణానికి ముందు. కనిపించినదల్లా ఫొటో తీస్తే చూసే పని ఫోనుకు అప్పగించినట్టే, రాత్రి రాయడానికి ఏమీ మిగలదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పే వెళ్ళండి.

మూడో వారంలో మొదటిది, పూట ప్రయాణం. వేళచ్చేరిలో ఎంఆర్‌టీఎస్ రైలెక్కి బీచ్ స్టేషను దాకా వెళ్ళి, వెనక్కొస్తూ తిరుమయిలైలో దిగండి. ఆంధ్ర తీరం నుంచి వచ్చే బకింగ్‌హాం కాలువ ఈ దారిలో పట్టాల పక్కనే కనిపిస్తుంది. ఇప్పుడది మురుగు, ముక్కు మూసుకోవాల్సిందే. స్టేషను నుంచి లజ్‌లోని నాగేశ్వరరావు పార్కుకు నడవొచ్చు. ఆంధ్రపత్రికను 1914లో బొంబాయి నుంచి మద్రాసుకు తెచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేరే ఆ పార్కుకు. ఒక బెంచీ మీద గంటసేపు కూర్చుని కనిపించినవి 20 రాయండి. మొదటి పది అందరికీ కనిపించేవి: చెట్లు, వాకింగు చేసే పెద్దవాళ్ళు, కుక్క. తర్వాత విసుగొస్తుంది, లేచి వెళ్ళబుద్ధవుతుంది. లేవొద్దు. పదకొండో దాని నుంచి కన్ను మీకు కావలసినదాన్ని ఏరుకోవడం మొదలుపెడుతుంది. ఒకరి జాబితాలో చెప్పులే ఉంటాయి, ఇంకొకరి జాబితాలో ఒంటరిగా కూర్చున్న మనుషులే.

అయిదో వారంలో పులికాట్, పాత తెలుగు పేరు ప్రళయకావేరి. సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగి, బస్సు పట్టుకోవాలి. ఉప్పునీటి సరస్సు, డచ్చివాళ్ళు 1613లో కట్టిన గెల్డ్రియా కోట ఆనవాళ్ళు, ద్వారానికి రెండు పక్కలా అస్థిపంజరాలు చెక్కిన డచ్చి శ్మశానం. చూడ్డానికి రెండు గంటలు చాలు, మిగతా నాలుగు గంటలు చేయడానికేమీ ఉండదు. దీన్ని ఎంచుకున్నది అందుకే. పనిలేని నాలుగు గంటల్లో చెయ్యి ఎన్నిసార్లు ఫోను సంచి వైపు వెళ్ళిందో గీతలు పెట్టుకోండి. పడవ షికారు ఎవరు పిలిచినా వద్దు, 2011 డిసెంబరులో ఇక్కడ పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. రెండు లీటర్ల నీళ్ళు, టోపీ తీసుకెళ్ళండి. తిరుగు బస్సు వేళ దిగగానే అడిగి, చీకటి పడకముందే పొన్నేరి చేరండి.

ఎనిమిదో వారంలో అరుణాచలం, ఒక రాత్రి బస. పౌర్ణమికి వెళ్ళకండి. ఆరోజు గిరి ప్రదక్షిణలో తెలిసేది ముందు నడిచేవాడి వీపు ఒక్కటే. కిలాంబాక్కం బస్టాండు నుంచి బస్సులున్నాయి, దూరం 200 కిలోమీటర్ల లోపు. రమణాశ్రమంలో ఉండాలంటే చాలా ముందుగా రాసి అడగాలి. ప్రదక్షిణ 14 కిలోమీటర్లు, నిదానంగా నడిస్తే నాలుగైదు గంటలు. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరితే తారు కాలకముందు పూర్తవుతుంది. చెప్పుల్లేకుండా నడవడం ఆచారమే గానీ, షుగరుండి పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళు ఆ పని చేయొద్దు, పుండు పడినా తెలియదు.

దారిలో ఇంద్రలింగం నుంచి ఈశాన్యలింగం దాకా ఎనిమిది లింగాలున్నాయి. ప్రతి లింగం దగ్గరా రెండు నిమిషాలు ఆగి ఒక్క ప్రశ్నకే జవాబు రాయండి: ఇక్కడిదాకా నడుస్తూ మనసులో ఎవరితో మాట్లాడాను? ఎనిమిది చోట్లా ఎనిమిది పేర్లు. కొందరికి ఎనిమిదిలో ఆరు ఒకే పేరు వస్తుంది, అదీ కొట్లాట. ఆ పేరు ఆదివారాల నీలం గీతల్లో లేకపోతే ఇన్ని వారాలూ దాన్ని దాటేసి రాశారన్నమాట. ‘ఈ ఆలోచన ఎవరికి వచ్చింది?’ అని వెనక్కి అడగమనేది 1896లో ఈ కొండకు వచ్చిన రమణుల మార్గం. అది సాధన, ఇది లెక్క. రెంటినీ కలిపితే రెండూ చెడతాయి.

పదో వారంలో చివరిది, ఇంటిపేరు ఊరు. తమిళనాట పేరు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరమే వేస్తారు కాబట్టి, ఇక్కడ తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు బడి రికార్డులోంచీ ఆధార్‌లోంచీ జారిపోయింది. గోత్రం గుర్తుంటుంది, ఇంటిపేరు అమ్మమ్మకో పెదనాన్నకో మాత్రమే తెలుసు. ఫోన్లో అడిగితే ‘ఇప్పుడెందుకురా అదంతా’ అంటారు. ఎదురుగా కూర్చుని పాత శుభలేఖలు ముందుపెట్టి అడగండి. తద్దినం రోజు మూడు తరాల పేర్లు ఎలాగూ చెబుతారు, అప్పుడే రాసుకోవచ్చు. పాత ఇంటి దస్తావేజుల్లో తాతగారి పేరు పూర్తిగా ఉండే అవకాశం ఎక్కువ.

మన ఇంటిపేర్లలో చాలావాటికి ఊరే మూలం. వేటూరి వెనక వేటూరు, నండూరి వెనక నండూరు. అయితే ఒకే పేరుతో రెండు మూడు జిల్లాల్లో ఊళ్ళుంటాయి, మ్యాపులో మొదట కనిపించినదానికి టికెట్ కొనొద్దు. కులదైవం ఎక్కడ, పాత సంబంధాలు ఏ వైపు నుంచి తెచ్చుకునేవాళ్ళు, ఈ రెండూ అడిగితే ఏ జిల్లానో తేలుతుంది. వెళ్ళాక చుట్టాలెవరూ దొరకకపోవచ్చు, చాలాసార్లు దొరకరు. గుళ్ళో పూజారినీ రచ్చబండ మీద పెద్దవాళ్ళనూ పలకరించి, మీ ఇంట్లో మాత్రమే వాడతారనుకున్న మాటలు అక్కడ వినిపిస్తాయేమో చూడండి. ఆస్తి కోసం వచ్చారనుకుంటారు. భూముల సంగతి ఎత్తకండి. ఇక్కడికి ఉద్యోగానికొచ్చినవాళ్ళకు ఊరు తెలిసే ఉంటుంది. వాళ్ళు సొంతూరికే వెళ్ళి, ఇంట్లో దిగకుండా ఒక పూట లాడ్జిలో ఉండి, పార్కు బెంచీ మీద రాసినట్టే 20 రాయాలి. అమ్మ నొచ్చుకుంటుంది, ముందే చెప్పండి.

పన్నెండో వారం

మొత్తం చదవడానికి మూడు గంటలు పడుతుంది, ఒకే విడతలో చదవాలి. తర్వాత మూడంటే మూడు వాక్యాలు. ‘నేను కోపిష్టిని’, ‘నేను సున్నితమైనదాన్ని’ లాంటి బిరుదులు చెల్లవు. ‘నేను ఫలానా చోట, ఫలానావాళ్ళ ముందు, ఫలానా పని చేస్తాను’ అన్న పద్ధతిలో ఉండాలి. ప్రతి వాక్యం పక్కన కనీసం అయిదు తేదీలు వేయగలగాలి. తేదీలు దొరకని వాక్యం ఎంత నిజమనిపించినా కొట్టేయండి. మూడింటిలో ఒకదాన్ని తీసుకుని 14 రోజులు ఒక చిన్న మార్పు చేసి చూడండి. లిఫ్టు దగ్గర ‘సరే’ అనే మనిషైతే ‘రేపు పొద్దున చెప్తాను’ అనాలి, అంతే. ఆ 14 రోజులూ ఎడమ పేజీ రాయాలి, మిగిలిన పేజీలు దానికే.

ఆ తర్వాత నోటుబుక్కు బీరువాలో బట్టల కింద పెట్టి, వచ్చే సంక్రాంతి దాకా తీయకండి. అప్పుడు మళ్ళీ చదివి, భోగిమంటలో వేయాలనిపిస్తే వేసేయొచ్చు. ఆ మూడు వాక్యాలున్న పేజీ ముందు చించుకోండి, అట్ట మీద ప్లాస్టిక్ ఉంటే ఊడదీయండి.